వదినకి ఇవ్వని మాత్రలు

పోస్టు పెద్దదే. హాస్టల్లో స్టడీ అవర్ అయ్యాక నాలుగు రాత్రులు కూర్చుని రాశాను, ఓపిగ్గా చదవండి.

పోయిన వానాకాలం మా అన్నకీ వదినకీ ఒకే వారంలో చలి జ్వరం పట్టుకుంది. ఆశక్క వచ్చి ఇద్దరికీ వేలు గుచ్చి కిట్ మీద చూసింది. ఇద్దరికీ పీవీ, అంటే వైవాక్స్ మలేరియా. అన్నకి మూడు రోజుల క్లోరోక్విన్ ఇచ్చి, దాంతోపాటు పద్నాలుగు రోజులు వేసుకోమని వేరే చిన్న మాత్రలు కూడా ఇచ్చింది. వదినకి క్లోరోక్విన్ ఒక్కటే. అప్పటికి వదినకి ఐదో నెల, మొదటి కాన్పు. అన్నకి తగ్గిన జ్వరం మళ్ళీ రాలేదు. వదినకి ఏడో నెలలో మళ్ళీ వచ్చింది. నేను సెలవలకి ఇంటికెళ్తే మంచం మీద నుంచే అడిగింది: "ఒకే ఇల్లు, ఒకే జ్వరం గదా. ఆయనకిచ్చిన మాత్రలు నాకెందుకివ్వలేదు? కాలేజీ చదువుతున్నావు గదా, చెప్పు."

ఆశక్కని అడిగితే "కడుపుతో ఉన్నోళ్ళకి ప్రైమాక్విన్ ఇవ్వకూడదు, చార్టులో ఉంది" అంది. ఆమె చేసింది కరెక్టే, అందులో తప్పేం లేదు. కానీ ఎందుకివ్వకూడదో చార్టులో లేదు. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదలు కాబట్టి ఇలాంటి ప్రశ్నలన్నీ నా దగ్గరికే వస్తాయి. వెతుక్కుంటూ పోతే ఆ ఒక్క లైను వెనక దాదాపు వందేళ్ళ కథ ఉంది. అందులో అరటి తోటల కూలీలున్నారు, సరిహద్దు సిపాయిలున్నారు, జైలు ఖైదీలున్నారు. మనలాంటి ఊళ్ళ ఆడవాళ్ళు మాత్రం చాలా ఆలస్యంగా వస్తారు.

మన్యం జ్వరం గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి కొండలెక్కిన బ్రిటిష్ పోలీసులనీ సైన్యాన్నీ తుపాకులతో సమానంగా జ్వరాలు కూడా దెబ్బతీశాయని అందరూ రాస్తారు. మనం కూడా గర్వంగా చెప్పుకుంటాం, కొండ మనల్ని కాపాడిందని. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ఒక సందేహం. పైనుంచి వచ్చినోడు జ్వరంతో నెల రోజుల్లో దిగిపోయాడు. ఇక్కడే పుట్టి ఇక్కడే కాన్పులైన ఆడవాళ్ళ సంగతి ఏ రిపోర్టులో ఉంది?

మలేరియా క్రిమిని రక్తంలో మొదట చూసింది లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక డాక్టరు, 1880లో అల్జీరియాలో. దోమ కడుపులో దాన్ని చూసింది రొనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే. హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి వాటితో కుట్టించుకోమన్నాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కి అణాలు వచ్చాయి. ఈ లెక్కని గుర్తుపెట్టుకోండి, ముందు ముందు ఇదే మళ్ళీ మళ్ళీ కనపడుతుంది.

గర్భిణి వైపు చూపు పడటానికి ఇంకా టైము పట్టింది. 1915లో పనామాలో హెర్బర్ట్ క్లార్క్ అనే డాక్టరు కాన్పు అయ్యాక మాయ నుంచి రక్తం తీసి సూక్ష్మదర్శిని కింద చూశాడు. తల్లి వేలి రక్తంలో క్రిములు దొరకని చోట కూడా మాయలో గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంటే పరీక్షలో "నెగెటివ్" అన్నంత మాత్రాన ఆమెకి మలేరియా లేదని కాదు. 1934-35లో సిలోన్‌లో, అదే ఇప్పటి శ్రీలంకలో, మలేరియా విరుచుకుపడి దాదాపు 80 వేల మంది పోయారు. కొలంబోలో విక్రమసూర్య అనే ప్రసూతి డాక్టరు అప్పుడు జ్వరంతో వచ్చిన గర్భిణుల్ని దగ్గరుండి చూసి, గర్భిణుల్లో మలేరియా మీద పుస్తకమే రాశాడు. రక్తం పలచబడటం, కడుపు పోవడం, నెలలు నిండకుండా కాన్పవడం, తల్లి చనిపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మన అమ్మమ్మలకి ఇవి తెలియనివి కావు. వాళ్ళు చెప్పింది రాసుకున్నవాళ్ళు లేరు, అంతే.

క్రిములు మాయలోనే ఎందుకు చేరతాయన్నది 1996లో గానీ తేలలేదు. కెన్యాలో మిఖాల్ ఫ్రీడ్, పాట్రిక్ డఫీ అనే ఇద్దరు, పీఎఫ్ క్రిమి (ఫాల్సిపేరమ్) ఉన్న రక్తకణాలు మాయలో ఉండే ఒక రకం చక్కెర పదార్థాన్ని అంటుకుని ఆగిపోతాయని చూపించారు. మాయ అనేది గర్భంతో పాటు వచ్చే కొత్త అవయవం కాబట్టి, అక్కడ అంటుకునే క్రిమి ఒంటికి కూడా కొత్తదే. చిన్నప్పటి నుంచి ఎన్ని జ్వరాలు పడి తట్టుకున్నా మొదటి కాన్పులో ఆ రక్షణ పని చేయదు. మలేరియా ఎక్కువున్న చోట తొలి కాన్పు ఆడవాళ్ళే ఎక్కువ దెబ్బతినేది అందుకే. పీవీ ఇలా మాయలో గుంపుగా చేరదు గానీ అదీ తక్కువది కాదు. తల్లికి రక్తహీనత తెస్తుంది, బిడ్డ బరువు తగ్గిస్తుంది. పైగా పీవీ క్రిమి కొంత కాలేయంలో నిద్రపోతుంది. వారాలకో నెలలకో లేచి మళ్ళీ జ్వరం తెస్తుంది. వదినకి ఏడో నెలలో వచ్చింది కొత్త దోమకాటు వల్ల కావచ్చు, లేదా ఈ నిద్రపోయినదే లేచి ఉండొచ్చు. ప్రైమాక్విన్ పని ఆ నిద్రపోయేదాన్ని చంపడమే.

ఇప్పుడు అసలు విషయం, రక్తకణం లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇది మా సిలబస్‌లో నాలుగు లైన్లే ఉంటుంది, నాకు మాత్రం వదిన గురించి ఆలోచించాకే అర్థమైంది.

గొడ్డలిని వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది. ఇనుమూ ఆక్సిజనూ కలిస్తే జరిగేది అది. మన ఎర్ర రక్తకణంలో ఉన్నవి కూడా ఆ రెండే, హిమోగ్లోబిన్‌లో ఇనుము, అది మోసే ఆక్సిజన్. అందుకే కణం ఎప్పుడూ తనని తాను తుప్పు నుంచి కాపాడుకుంటూ ఉండాలి. దానికి కాపలాదారులున్నారు: గ్లూటాథయోన్, కెటలేజ్, సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. వీటినే యాంటీ ఆక్సిడెంట్లు అంటారు. కాపలా కన్నా దాడి ఎక్కువైపోతే ఆ స్థితి పేరు ఆక్సీకరణ ఒత్తిడి.

మలేరియా క్రిమి కణంలోకి దూరి హిమోగ్లోబిన్‌ని తింటుంది. తినగా మిగిలిన హీమ్ అనే ఇనుప ముక్క విషం, క్రిమికీ విషమే. అందుకని క్రిమి దాన్ని నల్లటి గట్టి రేణువులుగా మార్చి పక్కన పెడుతుంది. క్లోరోక్విన్ అడ్డుకునేది సరిగ్గా ఈ పనినే. ఆ నల్ల రేణువులే మాయలో పేరుకుని సూక్ష్మదర్శిని కింద కనిపిస్తాయి. ఇంకోవైపు మన తెల్ల కణాలు క్రిమిని చంపడానికి చురుకైన ఆక్సిజన్‌ని విసురుతాయి. అది శత్రువుకీ తగుల్తుంది, సొంత మనిషికీ తగుల్తుంది. గర్భంతో ఉన్నప్పుడు మాయ పెరగడానికే ఒంట్లో ఆక్సిజన్ వాడకం ఎక్కువ, అంటే జ్వరం లేకపోయినా ఆ ఒత్తిడి కొంత ఉంటుంది. దాని మీద మలేరియా పడితే రెండు బరువులు ఒకే భుజం మీద. నైజీరియాలో ఈ విషయం మీద చాలా చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి. మలేరియా ఉన్న గర్భిణుల రక్తంలో మాలాన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం, అంటే కొవ్వు పొరలు పాడైనప్పుడు పుట్టేది, ఎక్కువగా కనిపించింది. కాపలా ఎంజైములు మాత్రం కొన్నిట్లో తగ్గాయి, కొన్నిట్లో పెరిగాయి. ఒంట్లో కాపలా అయిపోయి తగ్గిందా, దాడి చూసి కొత్తగా తయారవుతోందా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుందని నాకనిపిస్తుంది.

ఇక మందు కథ. ప్రైమాక్విన్‌కి ఒక అన్న ఉన్నాడు, పేరు పామాక్విన్. 1920లలో జర్మనీలో తయారైంది. ప్రయోగశాలలో పుట్టిన తొలి మలేరియా మందుల్లో అదొకటి. వెంటనే మధ్య అమెరికాలో అరటి తోటల కంపెనీ కూలీల మీద వాడారు. 1926లోనే అక్కడి డాక్టరు ఒకరు రాశారు, కొందరికి ఈ మాత్రలు వేసుకోగానే రక్తకణాలు పగిలిపోతున్నాయని. 1934లో ఒక బ్రిటిష్ సైనిక డాక్టరు భారత సరిహద్దులో ఇదే చూశాడు. మాత్రలు వేసుకున్న సిపాయిల్లో కొందరికి మూత్రం నల్లగా వస్తోంది. అందరికీ కాదు, కొందరికే. ఎందుకో ఎవరికీ తెలియలేదు. మందు డోసు తప్పనో, మనిషి బలహీనుడనో అనుకుని వదిలేశారు.

1942లో జపాన్ జావాని పట్టుకుంది. ప్రపంచానికి క్వినైన్‌లో ఎక్కువ భాగం అక్కడి సింకోనా తోటల నుంచే వచ్చేది. అమెరికాకి తన సైనికుల కోసం కొత్త మందు కావాలి. 1944 నుంచి ఇల్లినాయిస్‌లో స్టేట్‌విల్ అనే జైల్లో ఖైదీలకి కావాలనే మలేరియా ఎక్కించి మందులు పరీక్షించడం మొదలుపెట్టారు. షికాగో యూనివర్సిటీ డాక్టరు ఆల్ఫ్ ఆల్వింగ్ దానికి పెద్ద. ఖైదీలు సంతకాలు పెట్టారు, నిజమే. జైల్లో ఉన్నవాడు పెట్టే సంతకం ఎంత స్వేచ్ఛగా పెట్టిందో మీరే ఆలోచించండి. న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్ల మీద కేసు నడిచినప్పుడు వాళ్ళ వకీళ్ళు "మీరూ స్టేట్‌విల్‌లో చేశారుగా" అని వాదించారు. అయినా జైల్లో ప్రయోగాలు 1970ల దాకా సాగాయి. ప్రైమాక్విన్ అక్కడే నిగ్గుతేలింది. 1952లో అనుమతి వచ్చింది, కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికులకి ఓడల్లోనే ఇచ్చారు.

ఆ జైల్లోనే ఆ పాత ప్రశ్న మళ్ళీ లేచింది. ప్రైమాక్విన్ వేస్తే కొందరికి, ముఖ్యంగా నల్లజాతి ఖైదీల్లో కొందరికి, రక్తం పగులుతోంది. ఈసారి వదలకుండా పట్టుకున్నారు. పద్ధతి ఎంత సింపులో చూడండి. మందు పడని మనిషి రక్తకణాలకి రేడియో ధార్మిక క్రోమియంతో గుర్తు పెట్టి, మందు పడే మనిషికి ఎక్కించారు. తర్వాత ప్రైమాక్విన్ ఇచ్చారు. ఎక్కించిన కణాలే పగిలాయి, అతని సొంతవి పగల్లేదు. తిరగేసి చేస్తే, మందు పడని మనిషి ఒంట్లో మంచి కణాలు చెక్కు చెదరలేదు. అంటే లోపం మనిషి ఒంట్లోనో తిండిలోనో కాదు, కణంలోనే ఉంది. ఇది 1954 నాటి మాట. నాజీల కాలంలో చిన్నపిల్లాడిగా జర్మనీ వదిలొచ్చిన ఎర్నెస్ట్ బ్యూట్లర్ ఆ కణాల్లో గ్లూటాథయోన్ నిలబడట్లేదని చూపించాడు. 1956లో కార్సన్, ఆల్వింగ్ వాళ్ళ బృందం అసలు కారణాన్ని పట్టుకుంది. జి6పీడీ అనే ఎంజైము వాళ్ళలో తక్కువ.

నేను పైన చెప్పిన కాపలాదారుల్లో గ్లూటాథయోన్ ఉన్నాడు కదా, ఒకసారి దెబ్బ కాశాక అతన్ని మళ్ళీ లేపి నిలబెట్టేది ఈ జి6పీడీ దారే. ఎర్ర కణానికి వేరే దారి లేదు. మామూలు రోజుల్లో తక్కువ ఎంజైముతో కూడా బండి నడిచిపోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. ప్రైమాక్విన్ ఒంట్లోకెళ్ళి ఒక్కసారిగా ఆక్సీకరణ దాడి చేస్తే మాత్రం కాపలా కూలిపోతుంది, కణాలు పగుల్తాయి. కలరా ఉండలు తెలుసుగా, ట్రంకు పెట్టెల్లో వేసేవి, వాటిల్లోని నాఫ్తలీన్ కూడా ఇదే పని చేస్తుంది. పుట్టిన బిడ్డకి కట్టే పాత చీరలు ఆ ఉండల మధ్య దాచకండి, ఇది మాత్రం ఇంట్లో చెప్పండి.

ఈ లోపం ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఉంది. మలేరియా ఉన్న, ఒకప్పుడు ఉన్న ప్రాంతాల్లోనే ఎక్కువ. కారణం లోపం ఉన్న కణంలో మలేరియా క్రిమి సరిగ్గా బతకలేకపోవడమే. సికిల్ సెల్ కథ కూడా ఇలాంటిదే. మన దేశంలో సికిల్ సెల్‌ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల రక్తంలోనే గుర్తించారు. జి6పీడీ లోపం కూడా దేశంలో అనేక ఆదివాసీ సమూహాల్లో ఎక్కువగా కనపడింది. దీన్ని "మన రక్తంలో లోపం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తరతరాలు జ్వరంతో పోరాడిన రక్తం మీద మిగిలిన మచ్చ అది. అయితే గొప్పతనంగా కూడా చెప్పుకోను. మచ్చ మచ్చే, మందు పడనప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ వదిన ప్రశ్నకి జవాబు. జి6పీడీ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఎక్స్ ఒక్కటే, కాబట్టి లోపం ఉంటే పూర్తిగా ఉంటుంది. ఆడవాళ్ళకి రెండు ఎక్స్‌లు. ఒకటి మంచిదీ ఒకటి లోపం ఉన్నదీ అయితే ఆమె రక్తంలో రెండు రకాల కణాలూ కలిసి తిరుగుతాయి, రాగులూ సామలూ కలిపి పోసినట్టు. 1969లో నైజీరియాలో లుజాట్టో బృందం ఇలాంటి ఆడ పేషెంట్ల రక్తాన్ని చూస్తే, ఒకే మనిషిలో మంచి కణాల్లో క్రిములు చాలా ఎక్కువ, లోపం ఉన్న కణాల్లో తక్కువ. లోపం కాపలా కాస్తుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది! ఇలాంటి ఆడవాళ్ళకి మామూలు జి6పీడీ పరీక్ష చేస్తే ఒక్కోసారి నార్మల్ అనే వస్తుంది. సగం కణాలు పగిలే ప్రమాదం మాత్రం ఉంటుంది. ఇంకా పెద్ద సమస్య, తల్లి నార్మల్‌గా కనిపించినా కడుపులో ఉన్న మగబిడ్డకి ఆ రెండో ఎక్స్ వెళ్ళి ఉండొచ్చు. మందు మాయ దాటి బిడ్డని చేరుతుంది. కడుపులో ఉన్న బిడ్డ రక్తాన్ని ఎవరు పరీక్షిస్తారు? అందుకే చార్టులో ఆ ఒక్క లైను. ఈ మధ్య వచ్చిన టాఫెనోక్విన్ అనే ఒక్క డోసు మందుకీ ఇదే నియమం.

అంటే ఇవ్వకపోవడం న్యాయమే. నా పేచీ ఆ తర్వాత సంగతి మీద. ఇవ్వకూడదని 1956 తర్వాత త్వరగానే తెలిసింది. మరి ఇవ్వకుండా ఆమెని ఎలా కాపాడాలన్నది ఎంత నెమ్మదిగా నడిచిందో చూడండి. చైనాలో తూ యూయూ 1972లో మాచిపత్రి జాతి మొక్క నుంచి ఆర్టెమిసినిన్ తీసింది. అది కూడా ఆక్సీకరణ ఆయుధమే, క్రిమి లోపలి ఇనుముని తాకి అక్కడే పేలుతుంది. 2015లో ఆమెకి నోబెల్ వచ్చింది. జంతువుల్లో పిండానికి హాని కనపడిందని గర్భిణులకి మొదటి మూడు నెలలు ఆ మందు వద్దన్నారు, చేదు క్వినైనే మింగమన్నారు. మొదటి మూడు నెలల్లో కూడా ఆర్టెమెథర్-లూమెఫాంట్రిన్ ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది 2022లో. మధ్యలో యాభై ఏళ్ళు. గర్భిణిని పరీక్షల్లో చేర్చకుండా పక్కన పెట్టడాన్ని జాగ్రత్త అన్నారు. తెలుసుకోకపోవడం కూడా ఒక ప్రమాదమే కదా.

ఐరన్ మాత్రల మాట కూడా చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు అవి వేడి చేస్తాయని పారేస్తారు. తుప్పు కథ చదివాక మీకూ అనుమానం రావచ్చు, ఇనుమే కదా ఇంత గొడవ చేసేది, మళ్ళీ ఇనుము ఎందుకని. ఆ అనుమానం శాస్త్రవేత్తలకీ వచ్చింది. 2006లో టాంజానియా పెంబా దీవిలో చిన్నపిల్లలకి ఐరన్, ఫోలిక్ ఆసిడ్ ఇస్తే ఆస్పత్రి పాలవడం, మరణాలు పెరిగాయి. అందరూ హడలిపోయారు. కానీ 2015లో కెన్యాలో గర్భిణులకి రోజుకి 60 మిల్లీగ్రాముల ఐరన్ ఇచ్చి చూస్తే మలేరియా చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, పుట్టిన బిడ్డల బరువు సగటున 150 గ్రాములు పెరిగింది. మన దగ్గర ఇచ్చే మాత్రలో ఉన్నదీ 60 మిల్లీగ్రాములే. కాబట్టి గర్భిణులు మాత్రలు పారేయకూడదు, దోమతెర మానకూడదు, జ్వరం వస్తే పరీక్ష ఆపకూడదు.

మన దేశం లెక్క కూడా ఒకసారి చూడండి. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, డీడీటీ పుణ్యమా అని 1965 నాటికి కేసులు లక్ష దగ్గరికి దిగాయి. పని అయిపోయిందనుకున్నారు. 1976లో 64 లక్షలు. దేశం మొత్తానికి తగ్గినట్టు కనపడే రోజుల్లో కూడా కొండ మీద జ్వరం ఉంటూనే ఉంది. మనది ఎప్పుడూ మిగిలిపోయే లెక్క. పక్కన ఒడిశా 2016 తర్వాత దమన్ అనే కార్యక్రమంతో మారుమూల పల్లెల్లో జ్వరం లేనివాళ్ళకి కూడా రక్తపరీక్ష చేసి మందిచ్చింది. అక్కడ కేసులు బాగా తగ్గాయి. జ్వరం లేని గర్భిణిలో దాగి ఉన్నదాన్ని పట్టుకోవడానికి దగ్గరి దారి అదే. క్లార్క్ 1915లో చూసింది గుర్తుందిగా.

పీవీ వచ్చిన గర్భిణికి ఏం చేయొచ్చో కూడా రాసే ఉంది. క్లోరోక్విన్‌తో తగ్గించాక, మళ్ళీ మళ్ళీ రాకుండా కాన్పు దాకా, పాలిచ్చినన్నాళ్ళూ వారానికోసారి క్లోరోక్విన్ ఇవ్వడం పరిశీలించమని, తర్వాత జి6పీడీ చూసి ప్రైమాక్విన్ ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో ఉంది. ఇది సొంతంగా కొనుక్కుని వేసుకునేది కాదు, డాక్టరు చూసి చెప్పాలి. వదిన విషయంలో కాన్పు దాకా ఎవరూ ఆ ఊసెత్తలేదు. రెండోసారి కూడా మూడు రోజుల మాత్రలు ఇచ్చి పంపారు.

వదినకి పాప పుట్టింది, రెండు కేజీల రెండు వందలు. ఇద్దరూ బాగానే ఉన్నారు. నేను ఇదంతా వదినకి చెప్తే సగం విని, "అయితే నా రక్తం ఏ రకమో ఎప్పుడు చూస్తారు?" అంది. ఆశక్క కూడా అక్కడే ఉంది, కిట్ల సంచి సర్దుకుంటూ "ఆ పరీక్ష మన దగ్గర లేదమ్మా" అంది.

మీ పీహెచ్‌సీలో జి6పీడీ పరీక్ష చేస్తున్నారా? ఎక్కడైనా గర్భిణికి వారం వారం క్లోరోక్విన్ ఇచ్చింది చూశారా? పాడేరు, చింతూరు, రంపచోడవరం, సీతంపేట, భద్రాచలం, ఉట్నూరు వైపు వాళ్ళు ఊరి పేరుతో కింద రాయండి. మీ ఆశక్కనో ఏఎన్ఎంనో ఒకసారి అడిగి రాయండి. వచ్చే ఆదివారానికల్లా వస్తే ఒక లిస్టు చేసి పెడతాను.